అడుగున ఉన్న జట్టుకిచ్చిన పిక్ ఆ జట్టుకే దక్కాలి: ఏఎఫ్ఎల్ కమిషన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ కమిషన్ అధ్యక్షులకు, సభ్యులకు, ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

నమస్కారం.

నేను మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో కాపురముంటున్న తెలుగువాణ్ని. గుంటూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి ఇక్కడికి వచ్చి పదమూడేళ్లయింది. వచ్చిన రెండో ఏడాది నుంచి ఒక క్లబ్‌కు రుసుము కట్టి సభ్యుడిగా ఉంటున్నాను. ఆ క్లబ్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క క్లబ్ గోడు కాదు. డ్రాఫ్ట్ పిక్‌ల (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతుల) ట్రేడ్, అంటే క్లబ్‌లు వాటిని ఇచ్చిపుచ్చుకునే నిబంధనల గురించి సభ్యుల సమావేశంలో రెండుసార్లు లేచి అడిగాను. మొదటిసారి "అది లీగ్ పెట్టిన నిబంధన, మన చేతిలో లేదు" అన్నారు. రెండోసారి సమయం అయిపోయిందని మైకు తీసుకున్నారు. తర్వాత ఉత్తరం రాస్తే, మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతిని విడిగా పంపుతున్నాను. తెలుగులో రాయడానికి కారణం ఒక్కటే. శనివారం పొద్దున్నే పిల్లలను ఆస్‌కిక్‌కు (చిన్నపిల్లలకు ఈ ఆట నేర్పే శిక్షణకు) తీసుకెళ్లి, మంచులో తడిసిన గడ్డి అంచున నిలబడే తెలుగు తల్లిదండ్రులు ఈ నగరంలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. తమ పిల్లలు ప్రేమిస్తున్న ఆట ఏ లెక్క మీద నడుస్తోందో వారికీ తెలియాలి.

డ్రాఫ్ట్ సంగతి తెలియని తెలుగు పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. ఐపీఎల్‌లో డబ్బున్న జట్టు వేలంలో ఆటగాణ్ని కొనుక్కుంటుంది. ఎంసెట్ కౌన్సెలింగులో మొదటి ర్యాంకు వచ్చినవాడు మొదట సీటు ఎంచుకుంటాడు. ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్ ఈ రెండింటికీ భిన్నమైనది. ఇక్కడ ఏటా కొత్త కుర్రాళ్లను క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి, ఆ వంతునే పిక్ అంటారు. పట్టికలో అట్టడుగున ముగించిన క్లబ్ మొదట ఎంచుకుంటుంది, ప్రీమియర్‌షిప్ (కప్పు) గెలిచిన క్లబ్ అందరికంటే చివర ఎంచుకుంటుంది. 1986లో ఈ పద్ధతి మొదలైంది. ఆటగాళ్ల జీతాలకు పెట్టిన పరిమితీ ఇదీ కలిసి, డబ్బున్న నాలుగు క్లబ్‌లే ఏళ్లతరబడి కప్పు పంచుకోకుండా చూడాలన్నది దీని ఉద్దేశం. ఓడిన జట్టు అభిమానికి ఇది లీగ్ ఇచ్చిన మాట. ఈ ఏడు ఓడిపోయారు, వచ్చే ఏడుకు మంచి కుర్రాణ్ని మీరే ముందు తీసుకోండి అన్న మాట. ఆ మాటలోని న్యాయాన్ని చూసే నేను ఈ ఆటకు దగ్గరయ్యాను.

ఇప్పుడు ఆ మాట ఎలా పలచబడిందో చెబుతాను. క్లబ్‌ల మీద నాకు నింద లేదు. నిబంధన అనుమతించిన పనే అవి చేస్తున్నాయి. మార్చాల్సినది నిబంధనను.

1. వెనక ఉన్న పిక్‌లను పోగుచేసి ముందున్న కుర్రాణ్ని కొనుక్కునే లెక్క.

ఒకే క్లబ్‌కు 100 ఆటలు ఆడినవాడి కొడుకును ఆ క్లబ్ ముందుగా కోరుకోవచ్చు. సిడ్నీ, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ, బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్ క్లబ్‌లు తమ అకాడమీల్లో పెంచిన పిల్లలను కోరుకోవచ్చు. ఇంకొక క్లబ్ ఆ కుర్రాణ్ని తన పిక్‌తో తీసుకుంటానని బిడ్ వేస్తే, హక్కున్న క్లబ్ దానికి సమానమైన వెల కట్టి సరిపెట్టాలి. ఆ వెల ఒకప్పుడు మరీ అన్యాయంగా ఉండేది. 2006లో టామ్ హాకిన్స్ 41వ పిక్‌కే జీలాంగ్‌కు దక్కాడు. దాంతో 2007లో బిడ్ పద్ధతి తెచ్చారు. 2014లో ఐజాక్ హీనీ 18వ పిక్‌కు సిడ్నీకి దక్కాడు. దాంతో 2015లో ప్రతి పిక్‌కూ పాయింట్లు కట్టారు. మొదటి పిక్‌కు 3000, పదో పిక్‌కు 1395, పద్దెనిమిదో పిక్‌కు 985, అలా తగ్గుతూ పోతాయి. సంస్కరణలు చేశారని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పాయింట్ల పద్దు కూడా తప్పింది.

2021 నాటి ఉదాహరణ చూడండి. కాలింగ్‌వుడ్ మాజీ ఆటగాడి కొడుకు నిక్ డైకోస్ మీద గోల్డ్ కోస్ట్ వేసిన బిడ్ నాలుగో స్థానంలో వచ్చింది. నాలుగో పిక్ విలువ 2034 పాయింట్లు. హక్కున్న క్లబ్‌కు ఇచ్చే 20 శాతం తగ్గింపు పోను కాలింగ్‌వుడ్ కట్టాల్సినవి 1627. కట్టినవి 38, 40, 42, 44 పిక్‌లు. వాటి పాయింట్లు వరుసగా 465, 429, 395, 362. కూడితే 1651. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ నిక్ డైకోస్‌ను ఇస్తాం, ఆ నాలుగు పిక్‌లు మాకివ్వండి అంటే ఇచ్చిపుచ్చుకోవడానికి ఒప్పుకునే క్లబ్ లీగ్‌లోని పద్దెనిమిదిలో ఒక్కటైనా ఉండేదా? నాలుగు చిల్లర పిక్‌లు కలిస్తే ఒక మేటి ఆటగాడవుతాడని మైదానంలో ఎవరూ నమ్మరు. పాయింట్ల పట్టిక మాత్రమే నమ్ముతుంది. తండ్రి క్లబ్‌కు కొడుకు ఆడటం అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. నేనడిగేది ఆ కుర్రాడికి కట్టే వెల గురించి మాత్రమే.

ట్రేడ్ నిబంధన వచ్చి కలిసేది ఇక్కడే. తనకు రాబోయే కుర్రాడు ముందే తెలిసిన క్లబ్, తన మంచి పిక్‌ను ముందే అమ్మేసి, బదులుగా వెనక పిక్‌లు పోగుచేసుకుంటుంది. లేదంటే బిడ్ రాకముందే తన ముందు పిక్‌ను వాడేసుకుంటుంది. 2019లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ తన ఆరో పిక్‌తో పాటు మరుసటి ఏటి మొదటి రౌండు (అన్ని క్లబ్‌లకూ ఒకసారి వచ్చే తొలి వంతుల) పిక్‌ను అడిలైడ్‌కు ఇచ్చి నాలుగో పిక్ దగ్గరకు జరిగింది. దానితో లాకీ యాష్‌ను తీసుకుంది. ఆ తర్వాత తన అకాడమీ కుర్రాడు టామ్ గ్రీన్ మీద పదో స్థానంలో వచ్చిన బిడ్‌ను వెనక పిక్‌లతో సరిపెట్టింది. మొదటి పదిలో ఇద్దరు. 2023లో గోల్డ్ కోస్ట్ తన ముందు పిక్‌ను వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు ఇచ్చేసి, పాయింట్లు కూడగట్టి, జెడ్ వాల్టర్, ఈథన్ రీడ్, జేక్ రోజర్స్, విల్ గ్రాహం అనే నలుగురు అకాడమీ పిల్లలను మొదటి 26 స్థానాల్లోపే తీసుకుంది. రగ్బీ లీగ్ రాజ్యమేలే క్వీన్స్‌లాండ్‌లో పిల్లలను ఈ ఆట వైపు తిప్పడం తేలిక కాదని నాకు తెలుసు, ఆ అకాడమీలు ఉండాల్సిందే. అయినా ఒకే రాత్రి నలుగురికి ఆ వెల చాలునా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు కావాలి.

2025 నుంచి తగ్గింపును 20 శాతం నుంచి 10 శాతానికి కుదించారు, 54వ పిక్ తర్వాత పాయింట్లు లేకుండా చేశారు. మంచి పని చేశారు. కానీ పోగుచేసే పద్ధతి మాత్రం అలాగే మిగిలింది, కాస్త ఖరీదైంది, అంతే.

2. వెనకపడ్డ క్లబ్ పిక్ ఇంకొక క్లబ్ చేతికి పోవడం.

ఈ అంశం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, క్షమించండి.

2015 నుంచి వచ్చే ఏటి పిక్‌లను కూడా ఈ ఏడే ట్రేడ్ చేసుకోవచ్చు. 2018 నుంచి డ్రాఫ్ట్ రాత్రే, పేర్లు పిలుస్తుండగానే, పిక్‌లు చేతులు మారవచ్చు. 2025 నుంచి రెండేళ్ల తర్వాతి పిక్‌లను కూడా అమ్ముకునే వీలిచ్చారు.

2020 డ్రాఫ్ట్ రాత్రి కాలింగ్‌వుడ్ తన 2021 మొదటి రౌండు పిక్‌ను గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి ఇచ్చి, ఇరవై దాటాక వచ్చే రెండు పిక్‌లు తీసుకుంది. మరుసటి ఏడు కాలింగ్‌వుడ్ 17వ స్థానంలో ముగించింది. అంటే ఆ పిక్ రెండోది అయింది. దానితో ఫిన్ కాలహన్‌ను తీసుకున్నది ఎవరు? ఆ ఏడు ఏడో స్థానంలో నిలిచి, ఫైనల్స్‌లో ఒక ఆట గెలిచిన గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ. 17వ స్థానంలో ఉన్న జట్టు కోసం ఉద్దేశించిన సాయం ఏడో స్థానంలో ఉన్న జట్టుకు చేరింది. కాలింగ్‌వుడ్‌కు నిక్ డైకోస్ ఉన్నాడు కాబట్టి దెబ్బ తగల్లేదు, 2023లో కప్పు కూడా గెలిచింది. డైకోస్ లాంటి కొడుకు లేని క్లబ్ అదే పని చేసి ఉంటే ఆ క్లబ్ సభ్యుల గతి ఏమిటి?

2018 డ్రాఫ్ట్ రాత్రి కార్ల్‌టన్ అలాగే తన తర్వాతి ఏటి మొదటి రౌండు పిక్‌ను అడిలైడ్‌కు ఇచ్చి, అడిలైడ్ మొదటి రౌండు పిక్‌నూ ఆ రాత్రి 19వ పిక్‌నూ తీసుకుంది. కార్ల్‌టన్ 16వ స్థానంలో ముగించడంతో ఇచ్చిన పిక్ నాలుగోదిగా తేలింది. పైన చెప్పిన లాకీ యాష్ పిక్ అదే. ఒక క్లబ్ ఓటమికి పరిహారంగా పుట్టిన పిక్ రెండు చేతులు మారి, ఆ ఏడు గ్రాండ్ ఫైనల్ ఆడిన జట్టు చేతికి చేరింది.

మా ఊళ్లో ఒక కుటుంబానికి ప్రభుత్వం ఎకరంన్నర అసైన్డ్ భూమి ఇచ్చింది. కూతురి పెళ్లికి డబ్బు కావలసి, ఆ తండ్రి దాన్ని తెల్లకాగితం మీద రాసి ఊరి ఆసామికి అమ్మేశాడు. అవసరంలో ఉన్నవాడు చెప్పిన ధర కాదు అది, అవసరం చూసి ఎదుటివాడు చెప్పిన ధర. ఇలాంటివి జరుగుతాయని తెలిసే, ఆంధ్రప్రదేశ్‌లో 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. పేదవాడికి పేదరికం చూసి ఇచ్చినది మరొకరికి పోతే, ఆ ఇవ్వడంలో అర్థం లేదన్నది ఆ చట్టం మూలసూత్రం. డ్రాఫ్ట్ పిక్ కూడా అలాంటిదే. అది క్లబ్ సంపాదించుకున్న ఆస్తి కాదు, దాని బలహీనత చూసి లీగ్ అప్పగించినది. ఉద్యోగం ఊగిసలాడుతున్న కోచ్, పదవి ఈ ఏడో వచ్చే ఏడో అన్నట్టున్న మేనేజరు, రెండేళ్ల తర్వాతి పిక్‌ను ఇవాళ అమ్మడానికి వెనకాడరు. ఆ పిక్ రావాల్సిన రోజున వారు ఆ కుర్చీలో ఉండరు. సభ్యులం మేము మాత్రం అక్కడే, అదే గ్యాలరీలో కూర్చుని ఉంటాము.

ట్రేడ్ మొత్తాన్నీ ఆపమని నేను అడగడం లేదు. ఒక్క మేటి పిక్‌ను ఇచ్చి రెండు మంచి పిక్‌లు తీసుకోవడం వల్ల బలహీన క్లబ్‌కు మేలు జరిగే సందర్భాలూ ఉన్నాయి. నాలుగేళ్లలో కనీసం రెండు మొదటి రౌండు పిక్‌లు వాడి తీరాలని 2015లోనే మీరు ఒక కంచె వేశారు కదా. కంచె అవసరమని మీరూ ఒప్పుకున్నట్టే. ఆ కంచె ఇప్పటి దూరానికి సరిపోదని నా వాదన.

3. పరిహార పిక్‌ల వల్ల మూడో జట్టుకు జరిగే నష్టం.

మా పక్కింటి అబ్బాయి హాథార్న్ అభిమాని. 2023 సీజన్ ముగిశాక, డ్రాఫ్ట్ వరుసను నోటుపుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రాసుకున్నాడు. వెస్ట్ కోస్ట్ 18వ స్థానం కాబట్టి 1, నార్త్ మెల్‌బోర్న్ 17వ స్థానం కాబట్టి 2, హాథార్న్ 16వ స్థానం కాబట్టి 3. అక్టోబరులో బెన్ మెకే ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం ముగిసి తన ఇష్టమొచ్చిన క్లబ్‌కు వెళ్లగలిగే ఆటగాడిగా) నార్త్ మెల్‌బోర్న్ నుంచి ఎసెండన్‌కు వెళ్లాడు. పరిహారంగా లీగ్ నార్త్ మెల్‌బోర్న్‌కు మూడో పిక్ ఇచ్చింది. అబ్బాయి 3 చెరిపి 4 రాశాడు. నవంబరులో డ్రాఫ్ట్ రాత్రి జెడ్ వాల్టర్ మీద వచ్చిన బిడ్‌ను గోల్డ్ కోస్ట్ మూడో స్థానంలో సరిపెట్టింది. 4 చెరిపి 5 రాశాడు. అప్పటికి ఆ చోట కాగితం అరిగి చిల్లు పడింది. మా సోఫా మీద, మా అబ్బాయి పక్కన కూర్చుని, నన్ను అడిగాడు: "అంకుల్, మేము మళ్లీ ఏ తప్పు చేశాం?" నా దగ్గర జవాబు లేకపోయింది. హాథార్న్ చివరకు ఐదో పిక్‌తో నిక్ వాట్సన్‌ను తీసుకుంది, వాడు మంచి ఆటగాడే అయ్యాడు, అది అదృష్టం. న్యాయం అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఆటగాడు తన ఇష్టంతో ఒక క్లబ్ నుంచి మరొక క్లబ్‌కు వెళితే, పరిహారం చెల్లిస్తున్నది ఆ ఆటగాణ్ని తీసుకున్న క్లబ్ కాదు. దానితో ఏ సంబంధమూ లేని, వరుసలో తర్వాతి క్లబ్ చెల్లిస్తోంది. 2014లో జేమ్స్ ఫ్రాలీ హాథార్న్‌కు వెళ్లినందుకు మెల్‌బోర్న్‌కు మూడో పిక్ వచ్చింది. 2024లో జోష్ బ్యాటిల్ హాథార్న్‌కు వెళ్లినందుకు సెయింట్ కిల్డాకు ఎనిమిదో పిక్ వచ్చింది. జీతం, ఒప్పందం కాలం, వయసు చూసి ఈ పరిహారం కడతారని చెబుతారు గానీ, పూర్తి సూత్రం బయటపెట్టరు. ఒకే ఆటగాడి విలువ అడుగున ఉన్న క్లబ్‌కు మూడో పిక్, పైన ఉన్న క్లబ్‌కు ఇరవై చుట్టుపక్కల పిక్ ఎందుకవుతుందో సామాన్య సభ్యుడికి చెప్పేవారు లేరు.

విచక్షణ మీద నడిచే సాయం ఎటు దారితీస్తుందో లీగ్‌కు తెలియనిది కాదు. వరుసగా రెండేళ్లు తక్కువ ఆటలు గెలిచిన క్లబ్‌కు అదనంగా ముందు పిక్ ఇచ్చే రోజుల్లో, 2009 సీజన్‌లో కావాలని ఓడిందన్న అనుమానంతో మెల్‌బోర్న్ క్లబ్ మీద విచారణ జరిగి, 2013లో 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ నిబంధనను తీసేసి, ప్రయారిటీ పిక్ అనే ఆ అదనపు పిక్‌ను కమిషన్ విచక్షణకు వదిలారు. గోల్డ్ కోస్ట్‌కు 2019లో అలా మొదటి రెండు పిక్‌లూ వచ్చాయి, మెల్‌బోర్న్ మూడో పిక్‌కు జరిగింది. గోల్డ్ కోస్ట్‌కు సాయం అవసరమే కావచ్చు. కారణాలు రాసి ప్రకటించడం అంతకంటే అవసరం.

4. అమ్మకం జరిగాక మారే నిబంధనలు.

పాయింట్ల సంస్కరణను 2024లోనే అమలు చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు, పాత లెక్క నమ్మి భవిష్యత్ పిక్‌లు కొన్న క్లబ్‌లు అభ్యంతరం చెప్పాయి, దాన్ని 2025కు జరిపారు. వారి వాదనలో న్యాయముంది. ఆ న్యాయం అందరికీ ముందుగానే దక్కాలి. ఒకటి రెండు బలమైన గొంతులు పలికినప్పుడే కాదు.

నెక్స్ట్ జనరేషన్ అకాడమీల కథ ఇంకా బాధాకరమైనది. ఆదివాసీ కుటుంబాల పిల్లల కోసం, మాలాంటి వలస కుటుంబాల పిల్లల కోసం పెట్టినవి ఇవి. మా ఇంటికి నేరుగా తగిలే నిబంధన ఇదొక్కటే కాబట్టి వివరంగా రాస్తున్నాను. 2020లో జమారా యూగల్-హేగన్ మొదటి పిక్‌గా వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు వెళ్లాడు. అది చాలామందికి నచ్చలేదు. 2021లో మొదటి 20 స్థానాల్లో వచ్చే బిడ్‌ను ఈ అకాడమీ క్లబ్‌లు సరిపెట్టకూడదన్నారు. ఆ ఏడే మెల్‌బోర్న్ అకాడమీలో పెరిగిన మాక్ ఆండ్రూను గోల్డ్ కోస్ట్ ఐదో పిక్‌తో తీసుకెళ్లింది. 2022లో ఆ గీతను 40వ స్థానానికి జరిపారు. 2024లో గీతనే చెరిపేశారు, ఐజాక్ కాకోను ఎసెండన్ 13వ స్థానంలో సరిపెట్టుకుంది. నాలుగేళ్లలో మూడు మార్పులు. ఉత్తరాది అకాడమీలకు (పైన చెప్పిన సిడ్నీ, బ్రిస్బేన్ లాంటి నాలుగు క్లబ్‌లవి) ఈ గీత ఏ రోజూ లేదు. తాను పెంచిన కుర్రాడు తనకే దక్కుతాడో లేదో తెలియని క్లబ్, టార్నీట్‌లోనో డ్యాండెనాంగ్‌లోనో ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడి మీద ఆరేళ్లపాటు డబ్బు, శ్రద్ధ ఎందుకు పెడుతుంది? ఇక్కడి నష్టం క్లబ్ ఖాతాలో కనబడదు. కోచ్ రావడం మానేసిన మైదానంలో కనబడుతుంది.

5. ఒకే ఆరంభరేఖ నుంచి మొదలవని పోటీ.

గోల్డ్ కోస్ట్ 2011లో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ 2012లో లీగ్‌లోకి వచ్చాయి. ఆ క్లబ్‌లకు 100 ఆటలు ఆడినవారి కొడుకులు డ్రాఫ్ట్ వయసుకు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. నూరేళ్ల చరిత్ర ఉన్న క్లబ్‌కు మాత్రం ఆ హక్కు తరతరాలుగా ఉంది. బ్రిస్బేన్‌కు కొడుకుల హక్కు, అకాడమీ అనే రెండు దారులూ ఉన్నాయి. విల్ ఆష్‌క్రాఫ్ట్ 2022లో రెండో స్థానంలో, అతని తమ్ముడు లీవై ఆష్‌క్రాఫ్ట్ 2024లో ఐదో స్థానంలో తండ్రి క్లబ్‌కు వచ్చారు. రెండోసారి ఆ క్లబ్ ప్రీమియర్‌షిప్ గెలిచి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు, మరుసటి ఏడు కప్పు మళ్లీ గెలిచింది. ఆ కుర్రాళ్లు దానికి అర్హులే. కప్పు గెలిచిన జట్టుకు పద్దెనిమిదో వంతున రావాల్సిన అవకాశం ఐదో స్థానంలో వచ్చిందన్నదే ఇక్కడ విషయం. 2028లో టాస్మేనియా 19వ క్లబ్‌గా రానుంది. దానికి ముందు పిక్‌లు ఇవ్వక తప్పదు, ఇవ్వాలి కూడా. ఆ బరువు మాత్రం కొడుకులూ అకాడమీలూ లేని క్లబ్‌ల మీదే పడకుండా చూడాలి.

ఆటగాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ని అతని అంగీకారం లేకుండా పంపకూడదన్న నిబంధన చాలా మంచిది, దాన్ని ముట్టుకోవద్దు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఇల్లు వదిలి మరో రాష్ట్రానికి వెళ్లడం ఎంత కష్టమో, సూట్‌కేసుతో వచ్చినవాణ్ని నాకు తెలుసు. 2021లో మొదటి పిక్‌గా నార్త్ మెల్‌బోర్న్‌కు వచ్చిన జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి సొంత ఊరికి, పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టను. కానీ ఇలాంటి సందర్భాల్లో ఆటగాడు ఒకే క్లబ్ పేరు చెబితే, ఇచ్చే క్లబ్‌కు బేరమాడే బలం ఉండదు. అందువల్లనే పిక్‌ల వెలకు సంబంధించిన నిబంధనలు బలహీన క్లబ్ పక్షాన మరింత గట్టిగా ఉండాలి.

పై విషయాల దృష్ట్యా కమిషన్‌ను ఈ కింది వాటిని కోరుతున్నాను.

1. మొదటి రౌండులో వచ్చే ఏ బిడ్‌నైనా సరిపెట్టడానికి ఆ క్లబ్ కనీసం ఒక మొదటి రౌండు పిక్‌ను చెల్లించాలని నిబంధన పెట్టాలి. ఆ ఏటిది లేకపోతే వచ్చే ఏటిది చెల్లించాలి. మిగతా తేడాకు మాత్రమే వెనక పిక్‌లను అనుమతించాలి. అంతకు ముందు ఏడు మొదటి నాలుగు స్థానాల్లో ముగించిన క్లబ్‌కు ఏ తగ్గింపూ ఇవ్వకూడదు.

2. ఏ క్లబ్ అయినా తన భవిష్యత్ మొదటి రౌండు పిక్‌ను ట్రేడ్ చేసినా, ఆ పిక్ మొదటి నాలుగు స్థానాల్లోకి వస్తే అది అసలు క్లబ్‌కే మిగలాలి. కొన్న క్లబ్‌కు దాని బదులు తర్వాతి ఏటి పిక్ దక్కాలి. అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో ఇటువంటి రక్షణతో పిక్‌లు ఇచ్చిపుచ్చుకోవడం చాలాకాలంగా ఉన్నదే. అక్కడ అది క్లబ్‌ల ఇష్టం. ఇక్కడ దాన్ని తప్పనిసరి చేయాలి. నేను అన్నింటికంటే గట్టిగా అడిగేది ఇదే.

3. పరిహార పిక్ సూత్రాన్ని పూర్తిగా ప్రచురించాలి. ఎవరికి పరిహారం ఇచ్చినా దాన్ని మొదటి రౌండు మధ్యలో చొప్పించకుండా, ఆ రౌండు చివరనే ఇవ్వాలి. ప్రయారిటీ పిక్ ఇస్తే కారణాలను రాతపూర్వకంగా అదే రోజు ప్రకటించాలి.

4. రెండేళ్ల తర్వాతి పిక్‌లు అమ్ముకోవచ్చని అన్నాక, డ్రాఫ్ట్ నిబంధనల్లో చేసే ఏ మార్పైనా మూడేళ్ల ముందస్తు నోటీసుతోనే అమలు కావాలి. టాస్మేనియాకు ఇచ్చే రాయితీలకూ ఇదే వర్తించాలి.

5. నెక్స్ట్ జనరేషన్ అకాడమీలకూ ఉత్తరాది అకాడమీలకూ ఒకే నిబంధన ఉండాలి. పిల్లవాడు అకాడమీలో చేరిన రోజు ఏ నిబంధన ఉందో, అతను డ్రాఫ్ట్‌కు వచ్చేవరకు అదే నిలవాలి.

6. ప్రతి డిసెంబరులో, ప్రతి క్లబ్‌కు ఆ ఏడు తగ్గింపు, పరిహారం, బిడ్ హక్కుల వల్ల ఎన్ని పాయింట్లు కలిసివచ్చాయో, ఎన్ని పోయాయో తెలిపే పట్టికను ప్రచురించాలి. పక్కింటి అబ్బాయి నోటుపుస్తకంలో రాసుకునే లెక్క, లీగ్ తన పేరుతో రాయలేని లెక్క కాదు.

7. ఈ నిబంధనలను సమీక్షించే బృందంలో క్లబ్ అధికారులతో పాటు సామాన్య సభ్యుల ప్రతినిధులు కనీసం ఇద్దరు ఉండాలి.

వీటిలో ఏవి సాధ్యమో, ఏవి కాదో, కాకపోతే ఎందుకు కాదో, అక్టోబరులో ట్రేడ్ గడువు తెరుచుకోకముందే రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నాతో పాటు టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీల్లోని పలువురు తెలుగు తల్లిదండ్రులు ఈ లేఖను చదివి ఏకీభవించారు. వారి క్లబ్‌లు వేరువేరు. మీ జవాబును వారందరికీ తెలుగులో చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
ఒక క్లబ్ సభ్యుడు, ఇద్దరు పిల్లల తండ్రి
టార్నీట్, మెల్‌బోర్న్